పాత ఇంటికి కొత్త ముఖం: అప్పు చేసేముందు ఆలోచించవలసినవి

వరికోతలు ముగిసి ధాన్యం సొమ్ము చేతికి అందే రోజులలో మన పల్లెలలోని తాపీ మేస్త్రీలకు, రంగుల దుకాణాలవారికి ఊపిరి తిరగదు. ముందు సంక్రాంతి, దాని వెనుకనే మాఘమాసపు ముహూర్తాలు. ఇంట్లో పెండ్లికి ఎదిగిన బిడ్డ ఉంటే, చూపులకు వచ్చేవారి కంట మొదట పడేది వీధి గోడే కదా అన్న ఆలోచన ఇంటి పెద్దను నిలువనీయదు. ఉన్నది తాతలనాటి పెంకుటిల్లు. గోడ పెచ్చులూడినది, చూరు కుంగినది, అరుగు అంచు విరిగినది. ఎదురింటివారు పోయిన ఏడు గోడకు రంగుల పలకలు అతికించి, మెరిసే ఉక్కు కటకటాలు బిగించి, ఇంటికి ‘ఎలివేషన్’ పెట్టించారు. ఈ స్థితిలో ఉన్నవారు మన పాఠకులలో కొద్దిమంది కారు. వారిని ఉద్దేశించినదే ఈ వ్యాసం.

ఇంటి ముఖం చూడముచ్చటగా ఉండాలన్న కోరికను ఆడంబరమని తీసిపారేయడం న్యాయం కాదు. అప్పులిచ్చే సంస్థలు తరచుగా ఆ పని చేస్తాయి. ‘ఉత్పాదకం కాని ఖర్చు’ అని ఒక్క ముక్కలో కొట్టివేస్తాయి. మన భాషలో అప్పు పుట్టే శక్తికీ, ఊరిలో ఉన్న మాట చెల్లుబాటుకూ ఒకే పదం ఉన్నది: పరపతి. వీధి గోడ శిథిలమైన ఇంటి యజమానికి విత్తనాల కొట్టులో అరువు పుట్టడం కూడ కష్టమే అన్నది అనుభవజ్ఞులకు తెలిసిన విషయం. కనుక పాత ఇంటి ముఖాన్ని బాగుచేయించుకొనండి. అవసరమైతే అప్పు చేసియే బాగుచేయించుకొనండి. అయితే ఒక్క కొలబద్దను చేతిలో ఉంచుకొనవలసి ఉన్నది. చేయించే పని అప్పుకంటె ఎక్కువ కాలం బ్రతకాలి. ఐదేండ్ల వాయిదాలతో తెచ్చిన సొమ్ము మూడవ వానకాలానికే పెచ్చులై రాలిపోతే, మిగిలిన రెండేండ్లూ మీరు కట్టేది గోడమీద లేని సున్నానికి కిస్తీ. ఇప్పుడు మన ఊళ్ళలో పాత ఇండ్లకు జరుగుతున్న ‘అలంకరణ’లో అధికభాగం ఈ కొలబద్దకు నిలిచేది కాదన్నదే ఈ వ్యాసకర్త ఫిర్యాదు.

ఎందుకు నిలవదో చెప్పాలంటే గోడ లోపలికి చూడాలి. గోదావరి, కృష్ణా డెల్టాలలోని పాత మండువా లోగిళ్ళ గోడలు ఎక్కువగా ఇటుకను మట్టితోనో సున్నపు గారతోనో పేర్చి కట్టినవి. తెలంగాణ పల్లెలలో దళసరి మట్టి గోడలు నేటికీ ఉన్నాయి. రాయలసీమలో రాతి గోడలు, వాటిపై చౌడు పరచిన మిద్దెలు. ఈ మూడింటికీ ఒక పోలిక ఉన్నది. నేలలోని చెమ్మ పైకి ఎక్కకుండ నేడు పునాదిపై వేసే అడ్డుపొర వాటిలో లేదు. చెమ్మ ఎక్కుతుంది, ఎక్కినది గోడ ముఖాననే ఆరిపోతుంది. సున్నపు గార, సున్నపు వెల్ల ఆ ఆవిరిని బయటికి పోనిస్తాయి. మన పెద్దలు ఏటేటా వెల్ల వేయించినది పండుగ శోభకు మాత్రమే కాదు, గోడ ఊపిరి పీల్చే ముఖాన్ని కొత్తగా నిలుపుకొనడానికి కూడ.

అట్టి గోడకు సిమెంటు పూత పూసినప్పుడు ఏమి జరుగుతుందో చూడండి. మొదటి ఏడు గోడ అద్దంలా ఉంటుంది. మేస్త్రీకి మెప్పు, యజమానికి తృప్తి. చెమ్మ మాత్రం ఎక్కడం మానదు. బయటికి దారి లేక పూత వెనుక నిలుస్తుంది, లేదా ఇంటి లోపలి గోడకు తిరుగుతుంది. రెండు మూడు వానకాలాలు గడిచేసరికి నేలనుండి మోకాలెత్తు, నడుమెత్తు వరకు రంగు పొంగుతుంది, తెల్లని ఉప్పు తేలుతుంది. అప్పుడు ‘వాటర్‌ప్రూఫ్’ మందు కలిపి మరొక పూత వేయమని సలహా వస్తుంది. దానిమీద పుట్టీ, దానిమీద ఖరీదైన రంగు. ప్రతి పొరా చెమ్మకు ఉన్న దారిని మరింత మూసివేస్తుంది. తుదకు సిమెంటు పొర పలకలు పలకలుగా ఊడి వచ్చినప్పుడు దాని వెనుక మట్టి గోడ మెత్తబడి, గోటితో గీస్తే రాలే స్థితిలో ఉంటుంది. సిమెంటు మంచి సరుకే. కొత్తగా కట్టే ఇంటికి, అడ్డుపొర ఉన్న గోడకు అది తగినది. కాని మెత్తని గోడకు గట్టి తొడుగు తొడిగితే రెండూ కలిసి కదలవు. ఎండకు, చలికి అవి సాగి ముడుచుకొనే తీరు వేరు. ముందు పగులు పడుతుంది, ఆ పగులులో వాన దిగుతుంది.

గోడకు పలకలు అతికించడం ఇంకా ప్రమాదకరం. పలక అసలే ఆవిరిని పోనివ్వదు. మట్టి గోడకు నాలుగడుగుల ఎత్తున మెరిసే పలకలు తాపితే, చెమ్మ ఆ నాలుగడుగులు దాటి పైన తేలుతుంది. అంతకు పూర్వం మోకాలివరకే ఉన్న జబ్బు భుజాలవరకు ఎక్కినదన్నమాట.

మరి ఏమి చేయించాలి? సున్నమే. ఇది పాతకాలంపై మమకారంతో చెబుతున్న మాట కాదు. ఊడిన భాగాన్ని గట్టి గార తగిలేవరకు చెక్కి, దుమ్ము దులిపి, నీరు చిలకరించి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళ ఇసుక చొప్పున కలిపిన గారను పలుచని పొరలుగా పూయాలి. సున్నం తాజాగా తడిపినది కాక కొన్ని వారాలు తొట్టిలో మాగినదైతే మేలు. గానుగలో నూరిన సున్నం దొరికితే మరీ మంచిది. కరక్కాయ, బెల్లం కలిపిన నీళ్ళు పోసి గార కలిపే పద్ధతి మన ఆలయాల మరమ్మతులలో నేటికీ వాడుకలో ఉన్నది. ఇటుక పొడి కలిపితే వాన ఎక్కువగా తగిలే ముఖాలలో గార మరింత గట్టిపడుతుంది. ఒక పొర బిగిసిన తరువాతనే మరొకటి వేయాలి. ఎండ నేరుగా తగలకుండ తడి గోనెపట్టాలు కట్టి కొన్ని దినాలు చెమ్మగా ఉంచాలి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకొని మెల్లగా తిరిగి రాయిగా మారుతుంది. ఆ మార్పుకు వ్యవధి కావాలి. ఇక్కడే చిక్కు. గుత్తకు పని ఒప్పుకొన్న మేస్త్రీకి వ్యవధి నష్టం. నాలుగు దినాలలో సిమెంటు పూత ముగించి మరో ఇంటికి పోవచ్చును. సున్నపు పనికి మూడు వారాలు పడుతుంది. కనుక సున్నపు పనిని గుత్తకు ఇవ్వక రోజుకూలికి ఇవ్వడం మంచిది. సరుకుకంటె కూలికే ఎక్కువ ఖర్చగుననుట నిజము. ఆ కూలి మీ ఊరివారికే పోతుందన్నది కూడ గుర్తుంచుకొనదగినది.

రాతి గోడల ఇండ్లవారికి మరొక మాట. కర్నూలు, అనంతపురం జిల్లాలలో చక్కగా చెక్కిన రాతి గోడమీద సిమెంటు పూసి, ఆ పూతమీద మళ్ళీ రాతి బొమ్మ గీయించిన ఇండ్లు చూచినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియదు. రాతి గోడకు పూత అవసరం లేదు. రాళ్ళ నడుమ దర్జులను శుభ్రపరచి సున్నపు గారతో నింపితే చాలును. ఇంగ్లండులో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన వాస్తుశిల్పి లారీ బేకర్ జీవితమంతా చెప్పినది ఇదే: ఉన్న ఇటుకనూ రాతినీ కప్పడానికి పెట్టే ఖర్చు చాలావరకు అనవసరం. ఆయన కట్టిన ఇండ్లలో పూత లేని గోడలే ఇంటి అందం.

గోడకంటె ముందు చూడవలసినది కప్పు. ఇంటి ముఖాన్ని పాడుచేసేది వీధిలోని దుమ్ము కాదు, చూరునుండి గోడమీదికి కారే నీరు. మంగళూరులో 1865లో బాసెల్ మిషన్‌వారు స్థాపించిన కార్మాగారం నుండి ప్రచారంలోకి వచ్చిన పెంకు, మన కుమ్మరుల గూనపెంకు, రెండూ వానను గోడకు దూరంగా జారవిడిచేందుకు ఏర్పడినవే. పగిలిన పెంకులు మార్చి, చివికిన వాసాల కొసలు కోసి అతుకులు వేయించి, కుంగిన చూరును ఒకే మట్టానికి తెస్తే ఆ ఇంటి రూపమే మారిపోతుంది. దూరంనుండి చూచేవారికి పాత ఇంటిలో మొదట కనిపించే గీత చూరే. అది తిన్నగా ఉంటే ఇల్లు బాగున్నట్లు, వంకరగా ఉంటే ఎంత రంగు వేసినా ముసలితనమే. చూరు కోసివేసి వీధివైపు నిలువు గోడ లేపి ‘డాబా ముఖం’ పెట్టించేవారు కలరు. పెంకుల నీరు ఆ గోడ వెనుక చేరి వాసాలనూ గోడనూ ఒకేసారి తినివేస్తుంది. అంత తెలివితక్కువ ఖర్చు మరొకటి లేదు.

పెంకు కప్పు అనగానే తీరప్రాంతంవారు తుఫానుల మాట ఎత్తుతారు. అది అర్థం లేని భయం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూచిన తరానికి పెంకుపై నమ్మకం సడలి, స్లాబుపై మొగ్గు కలగడం సహజమే. అయినా పెంకుటిల్లు ఉన్నవారందరూ స్లాబు వేయించలేరు. కొప్పు వెంట, చూరు వెంట, రెండు పక్కల అంచుల వెంట గార పట్టీలు వేయించి, వాసాలను దూలాలకు, దూలాలను గోడకు ఇనుప పట్టీలతో బిగించితే గాలి పెంకును లేపడం కష్టమవుతుంది. ఇది కంటికి కనిపించే అలంకారం కాదు గనుక ఎవరూ అడగరు, మేస్త్రీ చెప్పడు. మీరే అడగండి.

ఇక వీధి సంగతి. గత పాతికేండ్లలో ఊరూరా సిమెంటు రోడ్లు వచ్చాయి, సంతోషమే. అయితే పాత రోడ్డును తవ్వకుండ దానిమీదనే కొత్తది పోస్తూ పోవడంతో అనేక గ్రామాలలో వీధి ఎత్తు పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లెక్కి చేరే అరుగు నేడు రోడ్డుతో సమానమైనది. కొన్నిచోట్ల ఇల్లే పల్లంలో పడినది. వాననీరు గడప దాటి లోపలికి వస్తుంటే వీధి గోడకు రంగు వేయించి ఏమి ప్రయోజనం? ముందు గోడ పాదం వెంట నీరు నిలువకుండ నాపరాళ్ళతోనో కడప బండలతోనో వాలుగా పరచి, ఆ నీటిని మురుగు కాలువకు కలపాలి. కాలువే లేకపోతే అది మీ ఒక్కరి పని కాదు. గ్రామసభలో ఎత్తవలసిన ప్రశ్న. కొత్త రోడ్డు మంజూరైనప్పుడు పాతది తవ్వి పాత మట్టానికే పోయాలని వీధివారందరూ కలిసి వ్రాతపూర్వకంగా కోరడం, నలుగురు విడివిడిగా తమ గడపలు ఎత్తు చేయించుకొనడంకంటె చౌక. ఇండ్లను జాకీలతో ఎత్తే బృందాలు ఇప్పుడు మన జిల్లాలకూ వస్తున్నాయి. సిమెంటుతో కట్టిన ఇటుక గోడల సంగతి వేరు. మట్టి గోడల ఇంటికి ఆ సాహసం తగదు.

అరుగును తీసివేసి ప్రహరీ గోడ కట్టించాలనుకొనేవారు ఒకసారి ఆగి ఆలోచించాలి. అరుగు కూర్చొనే చోటు మాత్రమే కాదు. గోడ పాదానికి వాన చిందులు తగలకుండ కాపాడే కవచం అది. అరుగు పోయిన ఇండ్లలో వీధి గోడ అడుగుభాగం ముందుగా చెడిపోవడం మీరు చూచే ఉంటారు. అంచులు విరిగిన అరుగుకు బండలు మార్పించి, ముందుభాగానికి జాజు పట్టీ వేయించి, పైన ముగ్గు పడితే ఏ ఎలివేషనూ దానికి సాటి రాదు.

తలుపులూ స్తంభాలూ పాత టేకువైతే వాటిని ఎనామిల్ రంగుతో కప్పివేయకండి. పాత రంగును గీకించి, నునుపుచేసి, అవిసె నూనె పట్టించండి. చెద పట్టిన భాగమేదో అప్పుడే బయటపడుతుంది. పాత ద్వారబంధాలు, చెక్కుడు స్తంభాలు కొంటామని ఊళ్ళలో తిరిగే వర్తకులు కొందరున్నారు. వారు పాత సరుకు లెక్కన ధర కట్టి తీసుకొనిపోయిన వస్తువులు నగరాలలోని కొట్లలో ఎంత ధర పలుకుతాయో తెలియాలంటే, తమిళనాడులో అట్టి సామగ్రికి పేరుపడిన కారైకుడి బజారును చూచినవారిని అడగండి. వీధి తలుపు అమ్మి ఇనుప గేటు పెట్టించిన ఇంటికి ముఖం మిగలదు, అమ్మిన సొమ్ము గేటుకే సరిపోదు.

ఇంతవరకు పని సంగతి. ఇప్పుడు సొమ్ము సంగతి. అసలు నష్టం జరిగేది ఇక్కడ.

ఇంటి ముఖానికి అయ్యే ఖర్చు చాలాచోట్ల పంట ఋణంలోనుండి పోతున్నది. ఖరీఫ్‌కు తీసుకొన్న సొమ్ములో కొంత, లేదా పంట అమ్మగా వచ్చి అప్పుకు జమ కావలసిన సొమ్ములో కొంత, గోడకు చేరుతున్నది. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు పథకాన్ని 2012లో సవరించినప్పుడు, పంట ఖర్చుపై లెక్కకట్టిన పరిమితికి అదనంగా ఇంటి అవసరాలకు, పంటానంతర ఖర్చులకు కలిపి 10 శాతం చేర్చారు. ఇంటి సున్నానికి, చిల్లర మరమ్మతుకు ఆ కొంత చాలవచ్చును. అంతకు మించి తీస్తే విత్తనం, ఎరువు, కూలి కొరత పడుతుంది. వడ్డీ రాయితీ పథకం క్రింద పరిమితిలోని పంట ఋణానికి వడ్డీ 7 శాతం. గడువులో చెల్లించినవారికి మరి 3 శాతం తగ్గి 4 శాతానికి దిగుతుంది. 2 లక్షల రూపాయలకు ఏడాదికి 8,000 రూపాయలు మాత్రమే. దేశంలో ఇంత చౌక అప్పు మరొకటి దొరకడం అరుదు. గోడకోసం గడువు తప్పినవారు ఆ రాయితీని పోగొట్టుకొంటారు, మరుసటి పంటకు కొత్త పరిమితి పొందడంలో ఇబ్బంది పడతారు, తుదకు ఎరువుల అరువుకో వడ్డీ వ్యాపారికో తల వంచుతారు.

వడ్డీ వ్యాపారి లెక్క మనవారికి నోటికి వచ్చును గాని, కాగితంమీద వేసి చూచేవారు తక్కువ. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు నెలకు 4,000, ఏడాదికి 48,000, ఐదేండ్లకు 2,40,000 రూపాయలు వడ్డీయే కట్టి, అసలు 2 లక్షలు అట్లే నిలిచి ఉంటాయి. అదే 2 లక్షలు గృహ మరమ్మతుల ఋణంగా, ఉదాహరణకు 10 శాతం వడ్డీకి తీసుకొని, పంటకొకసారి చొప్పున పది అర్ధసంవత్సర వాయిదాలలో తీరిస్తే ఒక్కొక్క వాయిదా సుమారు 25,900 రూపాయలు. ఐదేండ్లలో మొత్తం 2,59,000. అసలూ తీరిపోతుంది. పంటలమీద బ్రతికేవారు నెలవారీ కిస్తీకి ఒప్పుకొనరాదు. పంట సొమ్ము వచ్చే నెలలకు వాయిదాలు అమర్చమని దరఖాస్తులోనే కోరండి. అది దయ కాదు, మీ ఆదాయపు తీరుకు తగిన ఏర్పాటు. బంగారు నగల తాకట్టు ఋణం చేతికి త్వరగా వస్తుంది. కాని అది ఏడాది గడువు అప్పు, గోడ ఐదేండ్ల పని. పెండ్లికని ఇంటిని అలంకరించి, పెండ్లినాటికి నగ బ్యాంకులో ఉండిపోయిన సందర్భాలు లేకపోలేదు.

‘మరమ్మతుల ఋణం ఇంత సులభమైతే అందరూ అదే తీసుకొనేవారు కదా’ అని మీరు అనవచ్చును. నిజమే. అడ్డంకి ఇంటి కాగితాల దగ్గర ఉన్నది. పాత ఇండ్లు అధికభాగం గ్రామకంఠంలో ఉన్నాయి. తరతరాలుగా అనుభవం ఉన్నదే గాని దస్తావేజు లేదు. దస్తావేజు లేని ఇంటిపై తనఖా కుదరదు. ఈ లోపాన్ని తీర్చేందుకే కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించి, గ్రామ నివాస స్థలాలను డ్రోనులతో కొలిచి యజమానులకు ఆస్తి కార్డులు ఇచ్చే పని చేపట్టినది. మీ ఊరిలో ఆ సర్వే జరిగితే, హద్దులు సరిగా పడినవో లేవో, అరుగు మీ హద్దులో చేరినదో వీధిలో చేరినదో స్వయంగా చూచుకొనండి. అరుగు వీధిలో పడితే రేపు రోడ్డు వెడల్పు చేసేనాడు దానిమీద పెట్టిన ఖర్చంతా పోయినట్లే.

కాగితంకంటె కఠినమైనది పంపకం. తాతలనాటి ఇల్లు అంటేనే అన్నదమ్ముల ఉమ్మడి. ఊళ్ళో ఉన్న ఒక సోదరుడు అప్పు తెచ్చి ముఖం బాగుచేయిస్తాడు. పట్నంలో ఉన్న సోదరులు పండుగకు వచ్చి మెచ్చుకొంటారు. నాలుగేండ్లకు పంపకాలు వస్తే వీధి భాగం మరొకరి వంతుకు పోతుంది. ఖర్చు లెక్కలోకి రాదు, అప్పు మాత్రం తెచ్చినవాని పేర నిలుస్తుంది. ఆడపడుచుల హక్కును కూడ మరువరాదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన వాటాను మన రాష్ట్రం 1986 నాటి సవరణతో, దేశమంతా 2005 సవరణతో అంగీకరించినవి. కనుక పని మొదలుపెట్టకముందే వాటాదారులందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎంత పెడుతున్నారు, పంపకంలో ఆ సొమ్మును ఎట్లు లెక్కించాలి అన్నది కాగితంమీద వ్రాసుకొని సంతకాలు తీసుకొనండి. అయినవారిమధ్య కాగితమేమిటని మొగమాటపడేవారే తరువాత కోర్టు గుమ్మం ఎక్కుతున్నారు. తనఖా పెట్టదలచినప్పుడు బ్యాంకు ఎట్లాగూ ఆ సంతకాలు అడుగుతుంది.

మరొక సంగతి సూటిగా చెప్పవలసి ఉన్నది. పట్టణంలో ఇంటి ముఖంపై పెట్టిన ఖర్చు అద్దెలోనో అమ్మకపు ధరలోనో కొంత తిరిగి రావచ్చును. పల్లెలో పాత ఇల్లు కొనేవారు అరుదు; అద్దెకు వచ్చేవారు ఇంకా అరుదు. పలకలు తాపిన గోడ చూచి విలువ కట్టే అధికారి ఇంటి ధర పెంచడు. ఆయన చూచేది స్థలం, కప్పు, గోడల బలం. ఇంటి విలువ పెరుగుతుందని చెప్పి మీచేత ఎవరైనా ఖర్చు పెట్టించబోతే, ‘ఎవరు కొంటారు?’ అని ఒక ప్రశ్న వేయండి.

మన పత్రికను చదివే డీలర్లతో కూడ కొంత చెప్పుకొనవలసి ఉన్నది. గ్రామస్థుడు మొదట సలహా అడిగేది మిమ్ములనే, ఇంజనీరును కాదు. అతడు ‘గోడకు ఏమి వేయాలి?’ అని అడిగినప్పుడు, ‘మీది ఏ గోడ?’ అని మీరు తిరిగి అడుగుతున్నారా? రంగు డబ్బాలలో, పుట్టీ సంచులలో పనివారికి టోకెన్లు వచ్చే సంగతి మీకు తెలియనిది కాదు. టోకెను ఉన్న సరుకునే పనివాడు సిఫారసు చేస్తాడు. అది అతని తప్పని అనలేము, అతని కూలి అంతంత మాత్రం. కాని ఆ గోడ మూడేండ్లకు పెచ్చులూడితే మేస్త్రీ దొరకడు, కంపెనీ పలుకదు, ఎదురుగా కనిపించేది మీ కొట్టే. అరువుమీద ఇచ్చిన సరుకైతే బాకీ వసూలు కూడ ఆ గోడతోపాటే పగులు వారుతుంది. మాగిన సున్నం, గట్టి ఇటుక పొడి, మంచి పెంకు కొట్టులో ఉంచండి. లాభం తక్కువే, తిరిగి వచ్చే ఖాతాదారులు ఎక్కువ. సున్నపు పని తెలిసిన పెద్ద మేస్త్రీలు ప్రతి మండలంలోను ఒకరిద్దరు మిగిలియున్నారు. వారి పేర్లు, ఫోను నంబర్లు మీ గల్లాపెట్టె దగ్గర వ్రాసి ఉంచితే అడిగినవారికి ఉపకారం.

ఏ ఇంటినైనా నిలబెట్టవచ్చునని ఈ వ్యాసం వాదించడం లేదు. గోడ నిలువునా చీలి బయటికి ఒరిగినప్పుడు, దూలం చెదకు డొల్లబారినప్పుడు, ముఖానికి పూత పూయడం అందులో ఉండే మనుషులను మోసగించడమే. అట్టి ఇంటికి మరమ్మతుల అప్పు చేయకండి. పనికివచ్చే కలప, పెంకు, రాయి దింపించి దాచుకొని, కొత్త ఇంటి సంగతి ఆలోచించండి. ఆ తేడా తెలియాలంటే చూరు క్రింద దూలాల కొసలను మేస్త్రీచేత ఉలితో గుచ్చి చూపించమనండి. ఉలి దిగబడితే కలప పోయినట్లు.

పని నిలిచేదని తేలినవారు కాలాన్ని కూడ చూచుకొనాలి. సున్నపు గారకు ముసురు పనికిరాదు, వేసవి ఎండ అసలే పనికిరాదు. కప్పు పని వానలకు ముందు వైశాఖంలో ముగించి, ఒక వానకాలం గోడ ఎక్కడ తడుస్తున్నదో గమనించి, కార్తీకం వెళ్ళిన తరువాత గోడ పని మొదలుపెట్టడం మంచిది. ఖర్చు రెండు విడతలుగా పడుతుంది కనుక అప్పును కూడ రెండు విడతలుగా తీసుకొనవచ్చును. వాడని సొమ్ముకు వడ్డీ పడదు. శాఖకు వెళ్ళేటప్పుడు మేస్త్రీ వ్రాసిచ్చిన అంచనాను కప్పు, గోడ, నేల, కలప అని విడదీసి తీసుకొనిపొండి. ఇంటి ముందునుండి, పక్కనుండి తీసిన ఫోటోలు, పన్ను రసీదులు, ఆస్తి కార్డు ఉంటే దాని నకలు జతచేయండి. అంచనాలో రంగుల పద్దు ఒక్కటే మిగిలిన పద్దులన్నిటికంటె పెద్దదిగా ఉంటే, దరఖాస్తు ఇవ్వకముందే ఆ కాగితాన్ని మేస్త్రీకి తిరిగి ఇచ్చి మళ్ళీ వ్రాయించండి.